హెలీన్ ముంచిన కొండలోయల్లో మళ్ళీ అక్కడే ఇళ్ళు కట్టవచ్చునా?

షార్లెట్ నివాసి (చర్చ ప్రారంభించినవారు):

హెలీన్ వచ్చి ఏడాది దాటింది. 2024 సెప్టెంబరు 26 రాత్రి ఫ్లోరిడాలోని పెర్రీ దగ్గర నాలుగో తరగతి హరికేన్‌గా తీరం దాటిన ఆ తుపాను, మర్నాడు ఉదయానికి ఉత్తర కరోలినా పశ్చిమ కొండలను ముంచెత్తింది. అప్పటికి గాలుల ఉద్ధృతి చాలావరకు తగ్గింది గాని, అంతకు ముందు నుంచే పడుతున్న వానకు తడిసి ముద్దయిన కొండలు ఇక ఒక్క చుక్కనైనా ఇముడ్చుకునే స్థితిలో లేవు. యాన్సీ కౌంటీలోని బ్యూసిక్‌లో మొత్తం 30 అంగుళాలకు పైగా వర్షం నమోదైంది. రాష్ట్రంలో 100 మందికి పైగా చనిపోయారు. నష్టం దాదాపు 6,000 కోట్ల డాలర్లని రాష్ట్ర ప్రభుత్వం లెక్కగట్టింది.

షార్లెట్‌లోని తెలుగు కుటుంబాలకు ఆ కొండల్లోని చిమ్నీ రాక్, లేక్ లూర్ అంటే ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు తప్పనిసరిగా తీసుకువెళ్ళే చోట్లు. హరికేన్ అంటే సముద్రతీరాన ఉన్న విల్మింగ్టన్ వైపువారి బెడద అనీ, సముద్రానికి రెండు వందల మైళ్ళకు పైగా దూరాన ఉన్న కొండలు క్షేమమనీ మేమంతా నమ్మినవాళ్ళమే. ఆ నెల మొదట్లో విజయవాడ బుడమేరు ముంపు బాధితులకు చందాలు పోగుచేసిన మా మిత్రబృందమే, దారులు తెరుచుకున్న కొద్దీ, తాగునీటి సీసాలు కార్లలో వేసుకుని ఆ కొండలవైపు వెళ్ళింది. చిమ్నీ రాక్ వీధిలో మేము ఐస్‌క్రీము కొనుక్కున్న చోట బండరాళ్ళు, వాటి మధ్యనుంచి ఏమీ ఎరగనట్లు పారుతున్న నది కనిపించాయి.

అక్కడినుంచి వచ్చిన దగ్గరనుంచి నన్ను ఒక ప్రశ్న వదలడం లేదు. నది ఒడ్డున కొట్టుకుపోయిన ఇళ్ళను ప్రజాధనంతో అదే పునాదుల మీద మళ్ళీ లేపడం తప్పని నా అభిప్రాయం. ఆ స్థలాలను ప్రభుత్వమే కొనివేసి ఖాళీగా ఉంచాలి. ఈ పద్ధతి కొత్తది కాదు. కేంద్ర ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ ఫీమా నిధులతో అలా కొన్న స్థలాల్లో మరెన్నడూ ఇళ్ళు కట్టకూడదని దస్తావేజులోనే రాస్తారు. మా మెక్లెన్‌బర్గ్ కౌంటీ 1999 నుంచి వాగుల వెంట ఉన్న నాలుగు వందలకు పైగా భవనాలను కొని, పడగొట్టి, ఆ నేలను పచ్చికబయళ్ళుగా వదిలేసింది. ఇలినాయ్ రాష్ట్రంలోని వాల్‌మేయర్ అనే చిన్న ఊరు 1993 మిసిసిపీ వరద తరువాత మొత్తంగా కొండమీదికి తరలిపోయింది. ఇక్కడ మాత్రం అదే పని ఎందుకు చేయకూడదో ఎవరైనా చెప్పగలరా?

యాష్‌విల్ నర్సు:

షార్లెట్ నివాసి గారికి నమస్కారం. మీరు నీళ్ళు మోసుకొచ్చినందుకు కృతజ్ఞతలు. ఆ సీసాల విలువ నాకు తెలుసు. నార్త్ ఫోర్క్ జలాశయం నుంచి ఊరికి వచ్చే ప్రధాన గొట్టాలు, అవి తెగినా పని జరగాలని ఎంతో లోతున పాతిన అదనపు గొట్టంతో సహా కొట్టుకుపోవడం వల్ల, యాష్‌విల్ కుళాయిలో తాగదగిన నీరు నవంబరు 18 దాకా, అంటే 53 రోజులపాటు, రాలేదు.

అయితే మీ ప్రశ్న షార్లెట్ నేల చూసి పుట్టింది. షార్లెట్‌లో వాగు పక్కనుంచి లేచినవాడు నాలుగు వీధుల అవతల అంతే చదునైన స్థలంలో ఇల్లు కొనుక్కోగలడు. కొండ మడతల మధ్య ఇమిడి ఉండే చిన్న లోయలను ఇక్కడివారు హాలర్లు అంటారు. ఒక హాలర్‌లో చదునైన నేల అంటూ ఉంటే అది వాగు పక్కనే ఉంటుంది, ఎందుకంటే ఆ చదును చేసిందే ఆ వాగు. తోట, బడి, చర్చి, రోడ్డు, అన్నీ ఆ సన్నని పట్టీమీదనే ఉంటాయి. అక్కడినుంచి లేవమంటే మిగిలేది కొండవాలు ఒక్కటే.

ఆ వాలు సంగతి కూడా చెప్పాలి. హెలీన్ సమయంలో దక్షిణ అపలాచియన్ కొండల్లో రెండు వేలకు పైగా చరియలు విరిగిపడ్డాయి. ఫెయిర్‌వ్యూ దగ్గర ఒకే కుటుంబానికి చెందిన 11 మంది చనిపోయింది నది పొంగి కాదు, పైనుంచి మట్టి, చెట్లు, రాళ్ళు కలిసి ముంచుకురావడం వల్ల. నదికి దూరంగా జరగడమే క్షేమమనుకుంటే ఈ కొండల్లో అది సగం నిజమే.

విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు:

నేను రాలీలో మా అమ్మాయి ఇంటికి వచ్చి ఆరు నెలలైంది. గోదావరి మీద ఎక్కువకాలం పనిచేసినవాణ్ణి కనుక ఈ చర్చలో రెండు మాటలు చెప్పక ఉండలేకపోతున్నాను.

భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 1986లో అక్కడ 75.6 అడుగుల వరద వచ్చింది. ఎంత పెద్ద వరదైనా ఎగువనుంచి దిగిరావడానికి వ్యవధి ఉంటుంది కాబట్టి, జనాన్ని కదిలించే యంత్రాంగానికి ఎంతో కొంత సమయం చిక్కుతుంది. స్వాననోవా వంటి నదికి ఆ ఓపిక లేదు. దాని పరీవాహక ప్రాంతం చిన్నది, వాలు నిట్టనిలువు. కొండమీద పడిన వాన కొన్ని గంటల్లోనే యాష్‌విల్‌లోని బిల్ట్‌మోర్ వీధిలో ఉంటుంది. ఈసారి ఆ నది అక్కడ 26 అడుగులు దాటింది. ఫ్రెంచ్ బ్రాడ్ నది యాష్‌విల్ దగ్గర 24.67 అడుగులకు చేరి, 1916 జూలై నాటి 23.1 అడుగుల రికార్డును చెరిపేసింది.

ఆ 1916 వరద కథ చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. అప్పుడు కూడా ఒక తుపాను ముందుగా వచ్చి నేలను తడిపి వెళ్ళింది, వారం తిరగకుండానే రెండోది వచ్చి ముంచింది. 2004లో ఫ్రాన్సెస్, ఐవాన్ తుపానులు ఒకే నెలలో ఒకదాని వెంట ఒకటి వచ్చి బిల్ట్‌మోర్ విలేజిని, కాంటన్ పట్టణాన్ని ముంచాయి. కాంటన్ 2021లో ఫ్రెడ్ తుపానుకు మళ్ళీ మునిగింది. దీన్ని ఊహించని విపత్తు అనడం నాకు మింగుడుపడదు. మీలో చాలామంది నూరేళ్ళ వరద అనే మాటను నూరేళ్ళకు ఒకసారి వచ్చే వరదగా అర్థం చేసుకుంటున్నారు. ఏ ఏటికాయేడు ఒక శాతం అవకాశం ఉన్న వరద అని దాని అర్థం. ముప్పై ఏళ్ళ ఇంటి అప్పు తీరేలోగా అది ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. నాలుగిళ్ళలో ఒక ఇల్లు అగ్నిప్రమాదానికి గురవుతుందంటే ఆ వీధిలో ఎవరైనా ఇల్లు కొంటారా?

కనుక ఒడ్డున కట్టవద్దన్న మాటతో నేను ఏకీభవిస్తాను. ఎక్కడికి పోవాలని యాష్‌విల్ నర్సు గారు అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

బీమా రంగ సభ్యుడు:

డబ్బు సంగతి తేలకుండా ఈ చర్చ ముందుకు సాగదు. కొండ కౌంటీల్లో వరద బీమా ఉన్న ఇళ్ళు నూటికి ఒకటి కూడా లేవు. మామూలు ఇంటి బీమా వరదకు వర్తించదు. ముంపు మండలమని పటంలో గీసిన గీత లోపల అప్పుతో ఇల్లు కొంటేనే బ్యాంకు వరద బీమా తప్పనిసరి చేస్తుంది. అప్పు తీరిపోయిన పాత ఇంటికి, తాతలనాటి ఇంటికి ఎవరూ అడగరు. గీతకు అవతల ఉన్నవారు తమకు ప్రమాదం లేదనే అనుకుంటారు. కొండచరియ విరిగిపడితే పరిస్థితి మరీ విచిత్రం. నేల కదలడం వల్ల జరిగిన నష్టానికి ఇంటి బీమా ఇవ్వదు. వరద బీమా బురద ప్రవాహానికి ఇస్తుంది గాని కొండచరియకు ఇవ్వదు. ఇంటిమీద పడినది బురదా చరియా అన్న వాదనతోనే కొన్ని దరఖాస్తులకు నెలలు గడిచిపోతాయి.

మరొక నిబంధన కూడా అందరికీ తెలియాలి. ముంపు మండలంలోని ఇంటికి మరమ్మతు ఖర్చు ఆ ఇంటి విలువలో సగం దాటితే, దాన్ని ఇప్పటి నియమాల ప్రకారం ఎత్తు పెంచి కట్టాలి. కాబట్టి అదే పునాదిమీద అదే ఇల్లు లేపుతారన్న షార్లెట్ నివాసి గారి భయం పూర్తిగా నిజం కాదు. ఎత్తు పెంచే స్తోమత లేనివాడు ఇల్లు వదిలేయక తప్పదు. ఎవరూ బయటికి చెప్పకపోయినా, ఈ నిబంధన చాలాచోట్ల డబ్బున్నవారిని ఒడ్డునే ఉంచి, లేనివారిని లేపుతుంది.

షార్లెట్ నివాసి:

నర్సు గారు చెప్పిన చదును నేల సంగతి నాకు తట్టనేలేదు, ఒప్పుకుంటున్నాను. అందుకే నా వాదనను కొంత సవరించుకుంటాను. మనిషి పగలు పనిచేసే చోటు వేరు, రాత్రి నిద్రపోయే చోటు వేరు. మార్షల్ పట్టణంలోని పాత వీధిలోగాని, చిమ్నీ రాక్‌లోగాని దుకాణాలు తిరిగి తెరవడంలో నాకు అభ్యంతరం లేదు. కింది అంతస్తులో నీళ్ళు వచ్చి పోయినా కడుక్కుని మళ్ళీ తెరుచుకునేటట్లు, విద్యుత్తు పెట్టెలు పై అంతస్తులో ఉండేటట్లు కడితే చాలు. పర్యాటకుల రాకమీదనే బతికే ఊరిని నదికి దూరంగా జరిపితే అది ఊరుగానే మిగలదు. చిమ్నీ రాక్ రాష్ట్ర పార్కు 2025 జూన్ 27న తెరిచినప్పుడు ఆ చుట్టుపక్కలవారికి ఎంత ఊరట కలిగిందో ఊహించగలను. కాని రాత్రిపూట పిల్లలు పడుకునే ఇంటిని ఆ ఒడ్డున కట్టడానికి ప్రభుత్వం డబ్బు ఇవ్వకూడదన్న మాటమీద మాత్రం నిలబడతాను.

కొత్త సభ్యుడు, డాలస్:

ఎక్కడో ఉండి, ఏడాదికి ఒకసారి ఆకుల రంగులు చూడటానికి పోయే మనం, అయిదు తరాలుగా అక్కడ ఉన్నవారిని లేచిపొమ్మనడం ఏమి న్యాయం?

షార్లెట్ నివాసి:

వారిని లేపేది మనం కాదు, నది. ఆ మరమ్మతులకు వెళ్ళేది మాత్రం నా పన్నూ మీ పన్నూ కలిసిన డబ్బు కనుక మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను.

యాష్‌విల్ నర్సు:

డాలస్ సభ్యుడు గారి మాట కటువుగా ఉన్నా అందులో ఒక అంశం ఉంది. స్థలాలు కొనివేయడం కాగితంమీద తేలిక. అమ్మాలంటే అమ్మేవాడి పేరుమీద పట్టా ఉండాలి. కొండల్లో ఎన్నో ఇళ్ళు తాతగారి పేరుమీదనే ఉండిపోయాయి. వీలునామా లేదు, భాగపంపకం జరగలేదు, వారసులు నాలుగు రాష్ట్రాల్లో ఉన్నారు. మన ఊళ్ళలో ఉమ్మడి ఆస్తి అమ్మబోయినవారికి ఈ తంతు వివరించనక్కరలేదు. తయారుచేసి తెచ్చి నిలిపే మొబైల్ హోమ్‌లో ఉండేవారి సంగతి మరోలా ఉంటుంది: ఇల్లు వారిదే, కింద నేల అలాంటి ఇళ్ళను నిలిపే పార్కు యజమానిది. ఆ నేలను అమ్మాలా వద్దా అన్నది వారి చేతిలో లేదు. అన్నీ సరిపోయి అమ్మినా, ఇంటికి తుపానుకు ముందునాటి విలువ ఇస్తారు. ఆ సొమ్ముతో యాష్‌విల్ ఉన్న బంకోమ్ కౌంటీలో ఈనాటి ధరలకు మరో ఇల్లు దొరకదు. అప్పుడు ఆ కుటుంబం ఒడ్డు ఒక్కటే వదలదు, కౌంటీనే వదిలిపోతుంది. బడిలో పిల్లలు తగ్గుతారు, పన్ను రాబడి తగ్గుతుంది, మిగిలినవారిమీద నీటి గొట్టాల ఖర్చు పెరుగుతుంది.

పైన కొండవాలుమీద వెలిసిన విహార గృహాల గురించి మాత్రం ఎవరూ ఇంత గట్టిగా అడగరు. 2004లో పీక్స్ క్రీక్‌లో కొండచరియ అయిదుగురిని పొట్టనపెట్టుకున్న తరువాత, ఏ వాలు జారే ప్రమాదం ఉందో చూపే పటాల తయారీ రాష్ట్రం మొదలుపెట్టింది. 2011లో ఆ పనికి నిధులు ఆపేశారు; 2018లో గాని మళ్ళీ మొదలు కాలేదు. పటం ఉంటే స్థలాల ధర పడిపోతుందన్న భయమే అప్పట్లో బలంగా వినిపించింది. నది ఒడ్డున ఉన్న పేదవాడికి వర్తించే గీత, కొండకొమ్మున వెయ్యి అడుగుల పైన ఉన్న అద్దె బంగళాకు ఎందుకు వర్తించదు? ప్రమాదమే కొలత అయితే రెండుచోట్లా ఒకే కొలత ఉండాలి.

విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు:

ఈ మాటతో నేను నూటికి నూరుపాళ్ళూ ఏకీభవిస్తున్నాను. వాలుమీద రోడ్డు కోసం ఒక్క గాటు పెట్టి, తవ్విన మట్టిని కిందికి తోసేస్తే, ఆ వదులు మట్టే పెద్ద వానలో మొదట జారుతుంది. పైవాడు వేసిన రోడ్డు కిందివాడి ఇంటిమీదికి వస్తుంది. మరొకటి: ఈ కొండల్లో వాగు అవతల ఉన్న ఇళ్ళకు వెళ్ళే వంతెనల్లో చాలావరకు ఎవరికి వారు సొంతంగా వేసుకున్నవేనట. వేల సంఖ్యలో అవి కొట్టుకుపోయాయి. ఇల్లు చెక్కుచెదరకుండా నిలిచినా అంబులెన్సు చేరలేని ఇంటిని నివాసయోగ్యమని ఎలా అంటాం? ఒడ్డున ఉండాలా లేవాలా అని మనం తర్కించుకుంటున్నాం గాని, ముందుగా తిరిగి వేయవలసింది ఆ వంతెనలు. వాటిని పాత కొలతలతోనే, కింద నీరు పోవడానికి అదే సన్నని గొట్టాలతో వేస్తే, చెత్తాచెదారం అడ్డుపడి ప్రతి వంతెనా ఒక చిన్న ఆనకట్టగా మారి తెగుతుంది. ఈసారి జరిగింది అదే.

షార్లెట్ నివాసి:

నర్సు గారూ, ఒక్క ప్రశ్న. మీ సహోద్యోగులు ఎవరైనా ఇల్లు అమ్మడానికి దరఖాస్తు పెట్టారా?

యాష్‌విల్ నర్సు:

నాతో పనిచేసే ఒకావిడ స్వాననోవా అనే ఊళ్ళో ఉంటుంది. కింది అంతస్తు కిటికీల దాకా నీళ్ళు వచ్చాయి. ఆమె ఇల్లు అమ్ముతానని దరఖాస్తు పెట్టింది, అదే నెలలో గోడలకు కొత్త పలకలు కూడా బిగించింది. ఇదేమిటని అడిగితే, జవాబు వచ్చేదాకా తల్లిని, పిల్లలను ఎక్కడ పెట్టుకోవాలని ఎదురు ప్రశ్న వేసింది. స్థలాలు కొనే పథకంలో కేంద్రం ఖర్చులో నాలుగింట మూడొంతులు భరిస్తుంది గాని, కాగితం కౌంటీనుంచి రాష్ట్రానికి, అక్కడినుంచి ఫీమాకు వెళ్ళి తిరిగివచ్చేసరికి ఏళ్ళు పట్టడం మామూలే. ఉండాలా పోవాలా అన్న మీ ప్రశ్నకు ఆమె ప్రస్తుతానికి రెండు జవాబులూ ఇచ్చింది.

బీమా రంగ సభ్యుడు:

ఆవిడకు దయచేసి ఒక మాట చేరవేయండి. మరమ్మతుకని ఫీమా ఇచ్చిన సొమ్మును తరువాత ఇంటి కొనుగోలు ధరలోంచి మినహాయించుకుంటారు. అది నిజంగా మరమ్మతుకే ఖర్చయిందని చూపే రసీదులుంటే మినహాయించరు. పలకలు, మేకులు, రంగు, కూలి, దేనికి చెల్లించినా ప్రతి రసీదూ దాచుకోమనండి. తడిసిపోని చోట.