కామోమైల్ పూలు: ఎండలోనా, నీడలోనా?

మేడమీద తోట (హైదరాబాద్): అక్టోబరులో కుండీల్లో చల్లిన కామోమైల్ (చిట్టి చామంతిలా పూసే, టీకి వాడే మొక్క) ఇప్పుడు విరగబూసింది. రోజూ గుప్పెడు పూలు వస్తున్నాయి, టీకి దాచుకోవాలని ఉంది. మా అత్తయ్యగారేమో ఒరుగుల్లాగా ఎండలో పడేయమంటున్నారు. ఇంకొందరు నీడలోనే అంటున్నారు. ఏది సరైనదండీ?

అరుగు మీద (మెదక్): నీడే, ఇందులో రెండో మాట లేదు. ఈ పువ్వుకి వాసనే ప్రాణం. ఆ వాసననిచ్చే నూనె వేడికి ఎగిరిపోయే రకం. కరివేపాకు, మునగాకు పొడికి నీడన ఎందుకు ఆరబెడతాం? పోయిన ఏడు ఒకే రోజు కోసిన పూలను రెండు చేటల్లో పోసి చూశాను. ఎండలోవి రెండు రోజుల్లో గలగలలాడాయి, కానీ పసుపు బొడ్డు గోధుమరంగుకి తిరిగింది, టీ పెడితే ఎండుగడ్డి వాసన. నీడలోవాటికి ఐదు రోజులు పట్టింది. డబ్బా మూత తీస్తే మాత్రం మాగిన యాపిల్ వాసన గుప్పుమంది!

సముద్రపు గాలి (కాకినాడ): మీ మెదక్ గాలి వేరు, మా గాలి వేరు. ఇక్కడ తెల్లారేసరికి ఉప్పు డబ్బా చెమ్మగిల్లుతుంది. నేనూ నీడలో వారం ఉంచి, రేకలు పెళుసుగా ఉన్నాయి కదా అని సీసాకెత్తాను. పది రోజులకి మూత తీస్తే ముక్కవాసన. పువ్వు చిదిపితే బొడ్డు లోపల బూజు. సీసా మొత్తం పారబోశాను, ఏడుపొచ్చింది. వాసన కాస్త తగ్గినా సరే, బూజు తాగలేం కదండీ. నా ఓటు ఎండకే.

డల్లాస్ పెరడు: మేం డీహైడ్రేటర్‌లో (సన్నని వేడిగాలితో ఆరబెట్టే యంత్రం) 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెడతాం. ఒవెన్ జోలికి మాత్రం వెళ్లకండి. మా ఒవెన్ ఎంత తగ్గించినా 77 దగ్గరే ఆగుతుంది, పూలు వేగిపోతాయి. ఇంకో మాట, వయ్యారిభామ పడనివాళ్లు ఈ టీతో జాగ్రత్త. రెండూ చామంతి కుటుంబమే.

అరుగు మీద: కాకినాడ గారూ, మీ బాధ అర్థమైంది, కానీ తప్పు నీడది కాదు. రేకలు ముందే ఆరిపోయి మోసం చేస్తాయి, తేమంతా బొడ్డులో ఉంటుంది. ఒక పువ్వు తీసి బొడ్డును గోళ్లతో నలపండి. పొడిపొడిగా రాలాలి. ముద్దగా వేలికంటితే ఇంకా ఆరలేదన్నట్టే. సీసాకెత్తాక కూడా రెండు రోజులు చూడండి, గాజుకి లోపల ఆవిరి పడితే వెంటనే మళ్లీ పరిచేయాలి. పరిచేది జల్లెడ మీద, ఒకే వరసగా, పైన ఫ్యాన్ చిన్నగా తిరుగుతూ. నీడంటే గాలాడని మూల కాదండీ.

హైదరాబాద్ గారూ, మీ ఊళ్లో ఇప్పుడు గాలి పొడిగానే ఉంటుంది, ఎండ అవసరమే లేదు. రేకలు బల్లపరుపుగా విచ్చుకున్నప్పుడే, మంచు ఆరాక కోయండి. వెనక్కి వాలితే ముదిరినట్టు, ఆరేలోపే బొడ్డు పొడై రాలిపోతుంది. ముందు తెల్లగుడ్డ మీద కాసేపు పోస్తే పురుగులు వాటంతటవే బయటికొస్తాయి.

సముద్రపు గాలి: బొడ్డు నలిపి చూడాలని నాకెవరూ చెప్పలేదు. ఈసారి జల్లెడ, ఫ్యాన్ పెట్టి చూస్తాను. కానీ చివర్లో ఓ గంట ఉదయపు ఎండ తగలనివ్వకుండా సీసాకెత్తే ధైర్యం మాత్రం నాకింకా లేదండీ.