సొమ్ములు గొన్ని పుచ్చుకొని... ‘చొక్కి’యా, ‘సొక్కి’యా?

స్వాతివాన: మహిళా సంఘాలకు ఫౌండేషన్లు ఇచ్చే డబ్బు మీద వ్యాసం రాస్తున్నాను. శీర్షికకి పోతన గారి పాదం కావాలి, రాజులకి భాగవతం అంకితమివ్వనన్న పద్యంలోది: ‘ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి పురంబులు వాహనంబులున్ సొమ్ములు గొన్ని పుచ్చుకొని ... శరీరము వాసి కాలుచే సమ్మెటపోటులం బడక...’ ‘సొమ్ములు గొన్ని పుచ్చుకొని’ తర్వాత ‘చొక్కి’ అనా, ‘సొక్కి’ అనా? రెండూ విన్నాను.

ఉత్పలమాలి: ‘చొక్కి’. అది యతిస్థానం, పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు కదండీ, చూసుకోండి.

గణయతి: యతి తేల్చదండీ. పదో అక్షరం సరే. సొకి చొతో మైత్రి ఉంది, సొతో ఎలాగూ ఉంది. ఛందస్సు రెంటినీ ఒప్పుకుంటుంది. రెండూ ఒకే మాటకి రూపాలు, మైకం కమ్మడమే అర్థం.

పల్లెపదం: ‘సొక్కి’కి ‘అలసి’ అన్న అర్థం ఎందుకు కూడదు? డబ్బు పుచ్చుకున్న సంఘంలో జరిగేది అదే. గడువు తప్పకుండా నివేదికలు, పద్దు పద్దుకీ లెక్కలు, ఎంతమందికి శిక్షణ ఇచ్చారన్న పట్టికలు. ప్రాజెక్టు గ్రాంటులో శిక్షణలకీ కరపత్రాలకీ డబ్బుంటుంది. దెబ్బలు తిన్న మనిషి వెంట అర్ధరాత్రి ఠాణాకి వెళ్ళడం ఏ పద్దులోనూ పడదు. దాంతో కేసుల పని తగ్గి వర్క్‌షాపులు పెరుగుతాయి.

గణయతి: మీ మాట నిజమే కావచ్చు, పద్యంలో మాత్రం లేదు. పురాలూ వాహనాలూ దొరికినవాడు అలసిపోడు, ఒళ్ళు మరుస్తాడు. ఆపైన ‘శరీరము వాసి’, ఆపైన సమ్మెటపోట్లు. సుఖం, చావు, దెబ్బలు, అదీ వరస. అన్నట్టు ‘కాలుచే’ అంటే యముడిచేత. కాలితో తన్నడమని చెప్పేవాళ్ళున్నారు.

మొల్లతోట: మీరంతా ‘చొ’ పట్టుకు కూర్చున్నారు, చిక్కు ‘ఇచ్చి’ దగ్గరుంది. రాజులు పురాలు ఇచ్చారని చదివేస్తాం. కానీ ‘అధములకు ఇచ్చి’ కదా! ఇచ్చింది కవి, ఇచ్చినది కృతి. పుచ్చుకోవడం ఆ తర్వాతి మాట. వ్యాసానికి ఇదే ఆయువుపట్టు: సంఘం ఏం ఇచ్చి పుచ్చుకుంటోంది? అమెరికాలో ‘ఇన్‌సైట్’ అని శ్వేతేతర స్త్రీల సంఘం, హింసకి వ్యతిరేకంగా పనిచేసేది. 2004 ఫిబ్రవరిలో ఫోర్డ్ ఫౌండేషన్ వాళ్ళకి లక్ష డాలర్లు ఇస్తామని రాసింది, జులైలో ఇవ్వమంది. పాలస్తీనా విమోచనకి ఆ సంఘం మద్దతు ప్రకటించడమే కారణం. ఆ డబ్బు నమ్ముకుని అప్పటికే కార్యక్రమాలు ఒప్పేసుకున్నారు. చివరికి చిన్న చిన్న చందాలతో గట్టెక్కారు. దాత కొనదలచింది వాళ్ళ పనిని కాదు, నోటిని.

ఉత్పలమాలి: పోతన గారి పేర భోగినీ దండకం కూడా ఉందండీ, సింగభూపాలుడనే రాజు భోగిని (ఉంపుడుకత్తె) మీద. రాజాశ్రయం ఆయనకి తెలియనిదేం కాదు.

గణయతి: ఆ దండకం ఆయనదేనా అన్నది ఇంకా తెగలేదు. సాక్ష్యంగా తేకండి.

పల్లెపదం: మన దేశంలో సమ్మెట ఒక్క దాత చేతిలోనే లేదు, ప్రభుత్వం చేతిలోనూ ఉంది. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించారు. పరిపాలన ఖర్చు పరిమితి 50 నుంచి 20 శాతానికి దిగింది. నిబంధనల్లో ఆఫీసు అద్దె, వాహనాల నిర్వహణ, న్యాయ సలహాల ఫీజులు పరిపాలన ఖర్చు కిందికే వస్తాయి. గృహహింస కేసులు నడిపే సంఘానికి అవే అసలు ఖర్చులు! పైగా అందిన విదేశీ నిధిని ఇంకో సంస్థకి బదలాయించకూడదు. ఇంగ్లీషులో దరఖాస్తు రాయగల పెద్ద సంస్థ తెచ్చి మండలంలోని చిన్న సంఘానికి పంచే దారి మూసుకుపోయింది. ఖాతా కూడా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే తెరవాలి.

స్వాతివాన: ఇవన్నీ రాసుకున్నాను. మరి శీర్షికకి ‘చొ’ పెట్టనా, ‘సొ’ పెట్టనా?

మొల్లతోట: ‘ఇచ్చి’ పెట్టండి.

ఉత్పలమాలి: ‘గొన్ని’ని ఎవరూ ముట్టుకోలేదేం? ‘కొన్ని’ ‘గొన్ని’ అయిన గసడదవాదేశ సంధి సంగతి సరే, అర్థం చూడండి. పోతన గారు ‘సొమ్ములు పుచ్చుకొని’ అని ఊరుకోలేదు, ‘కొన్ని’ అన్నారు. అది పాదపూరణకి పడిందంటే నేనొప్పుకోను.