కెమ్నిట్స్‌లో తొలి క్రిస్మస్, చేతిలో పాతిక యూరోలు: ఏం చేసి ఇవ్వాలి?

కెమ్నిట్స్ కొత్త విద్యార్థిని:
అందరికీ నమస్కారం. అక్టోబరులో మాస్టర్స్‌కి జర్మనీలోని కెమ్నిట్స్‌కి వచ్చాను. మాది ఒంగోలు. ముగ్గురం ఉండే ఫ్లాట్‌లో ఒక గది నాది, మిగతా ఇద్దరూ జర్మన్ అమ్మాయిలు. కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు. వచ్చిన మొదటి వారం తాళంచెవి లోపలే పెట్టి తలుపు లాగేసుకుంటే, రెండు గంటలు వాళ్లింట్లో కూర్చోబెట్టి వేడివేడిగా సూప్ పెట్టారు. ఇప్పుడు అడ్వెంట్ ఆదివారం, అంటే క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో ఒకరోజు, కాఫీకి రమ్మన్నారు. మా ల్యాబ్‌లో చీటీలు తీసి బహుమతులు ఇచ్చుకునే విఖ్టెల్న్ కూడా ఉంది, ఐదు యూరోలు దాటకూడదట. అన్నింటికీ కలిపి నా దగ్గర పాతిక యూరోలున్నాయి. చేత్తో చేసి ఇచ్చేవి ఏమైనా చెబుతారా? గదికి కూడా కాస్త పండగ కళ తేవాలని ఉంది. ఈ వీధిలో ప్రతి కిటికీలోనూ దీపాలే, నా కిటికీ ఒక్కటే చీకటిగా ఉంది.

లైప్‌జిగ్ అక్క, 11 ఏళ్లుగా:
చెల్లీ, టెన్షన్ పడకు. పదిహేను యూరోల్లో అన్నీ అయిపోతాయి, మిగతా పది దాచుకో.

ముందు కిటికీ. సూపర్ మార్కెట్లో బ్రెడ్ పెట్టుకునే తెల్ల కాగితం సంచులు అమ్ముతారు, బుటర్‌బ్రోట్ ట్యూటెన్ అని అడుగు. కట్ట ఒకటి రెండు యూరోలకే వస్తుంది. ఎనిమిది సంచులు తీసుకో. ఒక్కోదానికి మూసి ఉన్న అడుగు అంచు వెంబడి ఒక గీత, మధ్యలో నిలువుగా ఇంకో గీత గమ్ రాయి, తలకిందులైన ఇంగ్లిష్ టి అక్షరంలా. దాని మీద రెండోది పెట్టి నొక్కు, అలాగే ఎనిమిదీ పేర్చు. గమ్ బాగా ఆరాక తెరిచి ఉన్న వైపు కోసుగా కత్తిరించు. పక్కల్లో రెండు మూడు చిన్న గాట్లు పెడితే అందం. ఇప్పుడు పై సంచికి గమ్ రాసి, విసనకర్ర విప్పినట్టు మొత్తం తిప్పి అడుగు సంచికి అతికించు. ఇంత పెద్ద నక్షత్రం! మొదటిసారి విప్పినప్పుడు నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. వెనక ఎల్‌ఈడీ తీగ వేలాడదీయి. కాగితం దగ్గర కొవ్వొత్తి మాత్రం వద్దు.

పెద్దావిడకి చాయ్ మసాలా చేసి ఇవ్వు. యాలకులు 20 గ్రాములు, దాల్చినచెక్క 10, శొంఠి పొడి 10, లవంగాలు 5, మిరియాలు 5. శొంఠి తప్ప మిగతావి కాస్త వేడి చేసి, చల్లారాక పొడి కొట్టి శొంఠి కలుపు. ఏషియన్ షాపులో కొను, సూపర్ మార్కెట్ చిన్న సీసాల్లో కొంటే మూడింతలవుతుంది. ఖాళీ జామ్ సీసా కడిగి అందులో పొయ్యి. గాజు పెరుగు సీసాలు వాడకు, వాటికి 15 సెంట్ల డిపాజిట్ ఉంటుంది, షాపులో తిరిగి ఇచ్చేయొచ్చు. మూత మీద గుడ్డముక్క, దారం. అందులో ఏమేం వేశావో, టీ ఎలా పెట్టాలో జర్మన్‌లో చీటీ రాసి కట్టు. ఇక్కడ అలర్జీల పట్టింపు ఎక్కువ. చీటీ లేకపోతే మొహమాటానికి తీసుకుని పక్కన పెట్టేస్తారు.

స్టుట్‌గార్ట్ అన్న:
అమ్మా, నువ్వు అడగలేదు కానీ ఒక మాట ముందే చెప్పాలి. ఖర్చు కలిసొస్తుందని ఇంటి నుంచి పిండివంటల పార్శిల్ మాత్రం పంపించుకోకు.

నేను వచ్చిన రెండో ఏడు డిసెంబరులో మా అమ్మ ఓ పెట్టె పంపింది. అరిసెలు, జంతికలు, పాలకోవా, అర కిలో నెయ్యి. ఆఫీసులో పదిమందికి పంచుదామని నేనే అడిగాను. కొరియర్ కుర్రాడు విలువ అయిదు వేల రూపాయలని నింపేశాడు. ఇరవై రోజులు పెట్టె జాడ లేదు. ఆ తర్వాత కస్టమ్స్ ఆఫీసు నుంచి ఉత్తరం, స్వయంగా రమ్మని. సగం రోజు సెలవు పెట్టి రెండు బస్సులు మారి వెళ్లాను. టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చున్నాను. లోపలికి పిలిచి, నా చేతికే కత్తి ఇచ్చి పెట్టె నన్నే కొయ్యమన్నారు. ఒక్కో పొట్లం పైకెత్తి ఇదేంటి అని ప్రశ్న. అరిసె అంటే ఏమిటో నాకొచ్చిన అరకొర జర్మన్‌లో ఎలా చెప్పను? బియ్యప్పిండి, బెల్లం అన్నాను. బిల్లేదన్నారు. ఇంట్లో చేసినదానికి బిల్లెక్కడిదండీ అంటే, విలువ మీరే రాశారు కదా అన్నారు. నెయ్యి, పాలకోవా పక్కకు తీసి నా కళ్లముందే డబ్బాలో వేశారు. పాలకోవా పొట్లానికి మా అమ్మ కట్టిన పసుపు దారం ముడి అలాగే ఉంది. మిగతావాటికి పన్ను కట్టి తెచ్చుకునేసరికి జంతికలు పొడి పొడి. అమ్మకి మాత్రం అందరూ బాగున్నాయన్నారని చెప్పాను.

ఇంకోటి, అలంకరణ కోసం అడవిలో కొమ్మలు కొయ్యకు. దొంగతనం కిందికి వస్తుంది, ఫైన్ వేస్తారు.

డ్రెస్డెన్ నుంచి:
అన్నా, చదువుతుంటే బాధేసింది. కానీ పార్శిలే వద్దంటే కొత్తవాళ్లు భయపడతారు. మనిషి నుంచి మనిషికి బహుమతిగా వచ్చేది 45 యూరోల లోపు ఉంటే సుంకం లేదు. మీ చిక్కంతా 45 యూరోలు దాటిన ఆ అయిదు వేల రూపాయల అంకెతో వచ్చింది.

కొమ్మల సంగతి కూడా మీరన్నట్టు కాదు. ప్రకృతి రక్షణ చట్టం 39వ సెక్షన్‌లోనే ఉంది: సొంత వాడకానికి కొంచెం, అంటే చేతిలో పట్టే గుత్తి అంత, కొమ్మలు, నాచు, కాయలు జాగ్రత్తగా తీసుకోవచ్చు. రక్షిత ప్రాంతాల్లో కాకూడదు, చెట్టు నరకకూడదు, అమ్ముకోకూడదు. చెల్లీ, అంతకన్నా సులువు ఇంకోటుంది. క్రిస్మస్ చెట్లు అమ్మేవాళ్ల దగ్గర చెట్ల కింది కొమ్మలు కత్తిరించి పడేసి ఉంటాయి. అడుగు, చాలామంది ఊరికే ఇచ్చేస్తారు. వాటితో దండ చుట్టి, మధ్యలో ఎండబెట్టిన నారింజ చక్రాలు గుచ్చు. అర సెంటీమీటరు మందాన కోసి, గుడ్డతో అద్ది, ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు. తలుపు సందులో చెక్క గరిటె పెట్టు, ఆవిరి బయటికి పోవాలి. దండ మీ తలుపుకి వేలాడదీస్తే ఎవరూ ఏమీ అనరు. మెట్ల మీద మాత్రం ఏదీ పెట్టకు, మంటలొస్తే బయటపడే దారి అదే.

స్టుట్‌గార్ట్ అన్న:
45 లోపైనా నెయ్యి, పాల వస్తువులు, మాంసం రానివ్వరు తమ్ముడూ. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా రాదు. మన పిండివంటల్లో నెయ్యి లేనివి ఎన్ని? అందుకే వద్దన్నాను. కొమ్మల విషయంలో నువ్వన్నదే నిజం, ఇప్పుడే చూశాను.

హాంబర్గ్ పిన్ని, గుంటూరు:
అమ్మాయీ, వీళ్ల వాదనలు పక్కనపెట్టు. మన క్రిస్మస్‌కి మన పిండివంట ఉంది కదా, గులాబీ పువ్వులు. గుంటూరులో మా వీధిలో డిసెంబరు రాగానే ప్రతి ఇంట్లో ఆ అచ్చు నూనెలో ఉండేది. మైదా ఒక కప్పు, ఇక్కడ 405 నంబరు పిండి తీసుకో, బియ్యప్పిండి అర కప్పు, పంచదార పొడి అర కప్పు, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, నువ్వులు. కొబ్బరి పాలు కొద్దికొద్దిగా పోస్తూ దోసె పిండికన్నా కాస్త పలచన చెయ్యి. అచ్చుని ముందు నూనెలో బాగా కాలనివ్వాలి. పిండిలో ముప్పావు వంతే ముంచు. పైదాకా మునిగిందా, పువ్వు ఊడి రాదు. పిండి తగలగానే సుయ్‌మని చప్పుడొస్తే సరిగ్గా కాలినట్టు. నూనెలో పెట్టి మెల్లగా కదిలిస్తే పువ్వు తనంత తానే జారిపోతుంది. గుడ్డు మానకు. గుడ్డు లేకుండా చేస్తే ఆ కరకర రాదు.

వంటగది తలుపు మూసి, కిటికీ తెరిచి చెయ్యి. మిగిలిన నూనె సింకులో పొయ్యొద్దు. సీసాలో పోసి బిగించి మామూలు చెత్తలో వెయ్యి.

ఆ పెద్దావిడతో మాట్లాడటానికి ఒక సంగతి చెబుతాను. 1842లో మా గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ పుట్టింది ఈ దేశంలోనే, హెల్మ్‌స్టెట్‌లో. మీ సాక్సనీ రాష్ట్రంలో ఎక్కడ చూసినా వేలాడే హెర్న్‌హూట్ నక్షత్రాన్ని 19వ శతాబ్దంలో మొరేవియన్లనే క్రైస్తవ శాఖవాళ్ల బడిలో లెక్కల పాఠం కోసం పిల్లల చేత చేయించారట, మామూలుగా దానికి 25 కోసులు. మన ఊళ్లో వెదురుపుల్లలకు రంగు కాగితాలు అంటించి వసారాలో కట్టే నక్షత్రం గురించి చెప్పు. ఆవిడ సంతోషిస్తారు.

లైప్‌జిగ్ అక్క:
పిన్నీ, మా అమ్మ గుడ్డు లేకుండానే చేస్తుంది, కరకరలాడతాయి. చిక్కటి కొబ్బరి పాలు చాలు. పైగా ఇక్కడ పాలు, గుడ్లు కూడా ముట్టని వీగన్లు ఎక్కువ, ల్యాబ్‌లో అందరూ తినగలగాలి.

హాంబర్గ్ పిన్ని, గుంటూరు:
మీ అమ్మగారి చేతి మహిమ అది. కొత్తగా చేసే పిల్లకి గుడ్డుతోనే కుదురుతుంది.

డ్రెస్డెన్ నుంచి:
ల్యాబ్ బహుమతికి ఇంకా తేలిక దారి: క్రిస్మస్ సంతలో పంచదార పూత పూసిన బాదం అమ్ముతారు కదా, అదే బాదం బదులు పల్లీలతో చెయ్యి. 200 గ్రాముల పల్లీలు, 200 గ్రాముల పంచదార, 100 మిల్లీలీటర్ల నీళ్లు, దాల్చినచెక్క పొడి. పాకం ఇగిరి ఇసుకలా పొడిబారుతుంది, పాడైందని ఆపెయ్యకు. సన్న మంట మీద కలుపుతూనే ఉండు, మళ్లీ కరిగి మెరుపు వస్తుంది. చీటీ మీద పల్లీలని పెద్దగా రాయి. ముందు అది మామూలు విఖ్టెల్నా, ష్రోట్‌విఖ్టెల్నా అని అడుగు. రెండోదైతే ఇంట్లో పనికిరాని వస్తువు తేవాలి, సరదా కోసం.

ఇంకో మాట: 24న షాపులు మధ్యాహ్నం రెండింటికల్లా మూసేస్తారు, 25, 26 అసలు తెరవరు. బియ్యం, పాలు ముందే తెచ్చుకో.

కెమ్నిట్స్ కొత్త విద్యార్థిని:
అందరికీ చాలా థ్యాంక్స్. నక్షత్రం చేశాను. మొదటిదానికి గమ్ ఆరకముందే విప్పి చింపేశాను, రెండోది కుదిరింది. నిన్న కాఫీకి వెళ్లి చాయ్ మసాలా ఇచ్చాను. ఆవిడ అక్కడికక్కడే మూత తీసి వాసన చూసి, చీటీ చదివి, పాలు పొయ్యి మీద పెట్టారు. గుంటూరు, హేయర్ సంగతి చెబితే హెల్మ్‌స్టెట్ ఎక్కడో అట్లాస్ తీసి చూపించారు. వచ్చేటప్పుడు తను చేసిన వెనీలా బిస్కెట్లు ఇంకో జామ్ సీసా నిండా పోసి ఇచ్చారు. ఖాళీ చేతులతో పంపకూడదని మా అమ్మమ్మ కూడా అంటుంది.

ఖర్చు ఇప్పటిదాకా తొమ్మిది యూరోలు. ల్యాబ్‌లోది మామూలు విఖ్టెల్నే, పల్లీలు రేపు చేస్తాను. పిన్నిగారూ, గులాబీ పువ్వుల అచ్చు ఇక్కడ ఎక్కడా దొరకలేదు. మీ దగ్గర ఇంకోటి ఉంటే పోస్టులో పంపగలరా? ఖర్చు ఇస్తాను.

హాంబర్గ్ పిన్ని, గుంటూరు:
రెండున్నాయి. పాతది పంపుతాను, కొత్తదానికి పిండి అంటుకుంటుంది. ఖర్చు మాట ఎత్తకు. అడ్రస్ ఇక్కడ పెట్టకుండా నాకు విడిగా పంపు.