కాలేజీ స్కిట్‌లో ప్రభురాత్రి భోజనాన్ని ఎగతాళి చేశారు, కేసు పెట్టాలా వద్దా?

కాజీపేట యూత్:
అందరికీ వందనాలు. మొన్న శనివారం హన్మకొండలో ఒక కాలేజీ ఫ్రెషర్స్ డేలో మా తమ్ముడి క్లాస్‌మేట్స్ స్కిట్ వేశారు. తెల్ల చొక్కా వేసుకున్న పాస్టర్ ఒక్కొక్కరి నుదుటి మీద చెయ్యి పెట్టి తోయడం, వాళ్లు వెనక్కి పడడం, అందరూ హల్లెలూయా అని అరవడం. అంతవరకు మా తమ్ముడూ నవ్వాడట. ఆ తర్వాత స్టీలు ప్లేటులో బిస్కెట్ ముక్కలు, టీ కప్పుల్లో కూల్‌డ్రింక్ తెచ్చి "ఇది నా శరీరము" అంటూ పంచారు. ఒకడు రెండోసారి చెయ్యి చాపితే "నీకు బాప్తిస్మం కాలేదు, పో" అని చేతి మీద కొట్టారు, హాలంతా ఒకటే నవ్వులు. తమ్ముడు లేచి బయటికి వచ్చేశాడు. పోయిన నెలే వాడు బాప్తిస్మం తీసుకుని మొదటిసారి ప్రభు బల్లలో పాలుపంచుకున్నాడు, అంటే యేసు శరీరం, రక్తం అని పంచే రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నాడు. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. యూత్‌లో సగం మంది స్టేషన్‌కు పోదామంటున్నారు, పెద్దలేమో ప్రార్థన చేసి వదిలేయమంటున్నారు. మీరేమంటారు?

హంటర్ రోడ్ బ్రదర్:
పెట్టాల్సిందే. ప్రతిసారీ మనమే ఎందుకు సర్దుకుపోవాలి? మతాన్ని కావాలని అవమానిస్తే పెట్టే భారతీయ న్యాయ సంహిత 299 సెక్షన్, అంటే పాత ఐపీసీ 295ఏ, ఉన్నది ఇందుకే, మూడేళ్ల దాకా శిక్ష ఉంది. బైబిల్లో కొరడాలతో కొట్టబోతే అపొస్తలుడైన పౌలు నేను రోమా పౌరుడినని అడ్డుపడలేదా? 2024 జూలై 26న పారిస్ ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో ప్రభురాత్రి భోజనం లాంటి దృశ్యం పెట్టినప్పుడు ఫ్రాన్స్ బిషప్పులు మర్నాడే ఖండించారు, నిర్వాహకులు రెండు రోజుల్లో క్షమించమన్నారు. నోరు తెరిచారు కాబట్టే.

కోర్టు పక్క వీధి:
బ్రదర్, బిషప్పులు నోరు తెరిచారు, నిజమే, కానీ అది ప్రకటన, కేసు కాదు. 299లో బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో చేశారని చూపాలి, పద్దెనిమిదేళ్ల పిల్లల బిస్కెట్ స్కిట్‌లో అది నిలబడడం కష్టం. నిలబడకపోయినా ఆ పిల్లలు స్టేషన్, కోర్టు చుట్టూ ఏళ్ల తరబడి తిరుగుతారు. ఇంకోటి, 2006లో ద డావిన్చీ కోడ్ సినిమాను ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది, హైకోర్టు కొన్ని వారాల్లోనే ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఆ సినిమా పేరు కూడా తెలియనివాళ్లకు మన గొడవ వల్లే తెలిసింది.

ఫాతిమానగర్ టీచర్:
నాకు రోమ్‌లోని ఒక గోడ గుర్తొస్తుంది. పాలటైన్ కొండ మీద 1857లో బయటపడింది, దాదాపు 1800 ఏళ్ల కిందట ఎవరో గోడ మీద గీకిన బొమ్మ. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, కింద చెయ్యెత్తి నిలబడ్డ ఒక కుర్రాడు, పక్కన గ్రీకులో "అలెక్సమెనోస్ తన దేవుణ్ణి ఆరాధిస్తున్నాడు" అని. తోటివాళ్లు ఏడిపించడానికే గీశారు. అయితే పక్క గదిలో వేరే చేతిరాతతో లాటిన్‌లో రెండే మాటలున్నాయి, "అలెక్సమెనోస్ విశ్వాసి" అని. అది అతనే రాసుకున్నాడో, స్నేహితుడెవరైనా రాశాడో ఎవరూ చెప్పలేరు. పిల్లలకు ఇది చెప్పినప్పుడల్లా నా గొంతు పట్టేస్తుంది. "దేవుడు వెక్కిరింపబడడు" అని గలతీ పత్రికలో చదువుతాం కదా, మరి ఆయన తరఫున మనం స్టేషన్‌కు ఎందుకు పరిగెత్తడం?

మానుకోట అక్క:
టీచర్ గారూ, మీరు చెప్పింది బాగుంది, కానీ ఎగతాళి అందరికీ ఒకేలా తగలదు. ఫోన్ తెరిస్తే మమ్మల్ని గొర్రెలు అంటారు, బియ్యం మూటకు మారినోళ్లు అంటారు. ఆ మాటల్లో యేసు ఎక్కడున్నాడు? అది మా కులాన్ని అనడం. మా నానమ్మ డోర్నకల్ దేవాలయానికి నడిచి పోయేది, ఆమెకు చెప్పుల్లేవు, ఎవరూ మూట ఇవ్వలేదు. అక్కడ ఆమె నలుగురితో కలిసి ఒకే గిన్నెలోంచి తాగింది, ఊళ్లో హోటల్లోనేమో ఆమెకు వేరే గ్లాసు. ఆ గిన్నెనే ఇప్పుడు కూల్‌డ్రింక్ చేసి నవ్వుతుంటే నాకు చల్లగా ఉండడం రాదు. అట్లని కేసుకు పోదామన్నా మా వాడలో సగం మంది వెనక్కి తగ్గుతారు, ఎందుకంటే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. ఇక్కడ బీసీ-సీ, అంటే వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు. నీ సర్టిఫికెట్‌లో ఏముంది అని స్టేషన్‌లో అడిగితే పిల్లల చదువులు ఏమవుతాయోనని భయం. పెద్దలు వదిలేయమన్నప్పుడు దాని వెనుక ఈ భయం కూడా ఉంటుంది, అన్నీ ప్రార్థన వల్లే కాదు.

భద్రకాళి చెరువు కట్ట:
నేను హిందువును, స్నేహితుడు లింక్ పంపితే చదివాను. తమ్ముడి బాధ అర్థమైంది, అది తప్పే. ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మా వీధి చివర సువార్త సభలో మైకు పట్టుకుని ఒకాయన మా దేవుళ్లను రాళ్లు రప్పలు అన్నాడు. మా అమ్మ అప్పుడే దీపం పెడుతోంది. ఆమె ఏమీ అనలేదు, కిటికీ మూసేసింది. ఆ రోజు మీలో ఎవరైనా ఆయన్ని ఆపారా?

హంటర్ రోడ్ బ్రదర్:
ఆపలేదన్నా. అట్లాంటి సభల్లో నేనూ కూర్చున్నాను, ఆమెన్ కూడా అన్నాను. అమ్మగారికి నా తరఫున క్షమించమని చెప్పండి. కానీ దాని కోసం ఆ పిల్లవాడి బాధను పక్కన పెట్టలేను.

కాజీపేట యూత్:
అన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. మానుకోట అక్క రాసింది రెండుసార్లు చదవమన్నాడు. యోహాను సువార్త 18వ అధ్యాయంలో ప్రధాన యాజకుడి ముందు బంట్రౌతు చెంప మీద కొడితే యేసు తిరిగి కొట్టలేదు, ఊరుకోనూ లేదు, నన్ను ఎందుకు కొట్టావని అడిగాడు. అదే చేద్దామనుకున్నాం. కంప్లెయింట్ కాగితం పక్కన పెట్టాం. సోమవారం పదింటికి నేను, తమ్ముడు, ఒక సంఘ పెద్ద కాలేజీకి పోయి లెక్చరర్ ముందే ఆ స్కిట్ వేసిన పిల్లలతో మాట్లాడతాం. పాస్టర్ పాత్ర గురించి ఏమీ అనం. ఆ ప్లేటు, ఆ కప్పుల గురించి మాత్రమే, ఎందుకు కొట్టారని తమ్ముడే అడుగుతానన్నాడు. మా పెద్దన్న మాత్రం ఇంకా కేసే అంటున్నాడు, మాతో రానన్నాడు.