మాస్‌ఫెట్‌లో గేటుని తెలుగులో ఏవనాలండీ?

మా మేనకోడలు పాలిటెక్నిక్‌లో ఈసీఈ చదువుతోంది, మొన్న పండక్కొచ్చి మావయ్యా నీకు తెలుగు పిచ్చి కదా, మాస్‌ఫెట్‌లో, అదే చిప్పుల్లో కరెంటుని వదిలి ఆపే బుల్లి స్విచ్చిలో, సోర్సు, గేటు, డ్రెయిను అని మూడు కాళ్ళుంటాయి వాటికి తెలుగు చెప్పు అంది. డెల్టాలో పుట్టినోడికి ఇదో ప్రశ్నా అని కాలవ మొదలు, షట్టరు, మురుగు కోడు అని చెప్పేశా. ఎలక్ట్రాన్లు సోర్సులో బయల్దేరి డ్రెయిన్లో దిగుతాయంట, అచ్చం మన చేల నీళ్ళే. షట్టరు మాట సరిపోద్దంటారా?

అమలాపురం నుంచి: పుస్తకాల్లో ద్వారం అని రాస్తుంటారు కదండీ, మళ్ళీ కొత్త మాటెందుకు?

ధవళేశ్వరం నుంచి: ద్వారం గుడికుంటుందండి. మా బ్యారేజీకి 175 గేట్లు, వరదొచ్చినప్పుడు ఏ ముసలమ్మనడిగినా గేట్లెత్తేశారు అంటుంది గానీ ద్వారాలెత్తారు అనదు. గేటు ఎప్పుడో తెలుగైపోయింది.

భీమవరం నుంచి (ఎలక్ట్రానిక్స్ చెప్తుంటాను): మాస్టారూ, షట్టరూ కుదరదు, ద్వారవూ కుదరదు. షట్టరు ఉన్న కాలవకి అడ్డం పడుతుంది, ఇక్కడ అసలు కాలవే లేదు. సోర్సూ డ్రెయినూ ఎలక్ట్రాన్లు నిండిన రెండు చెరువులనుకోండి, మధ్యలో పీ టైపు సిలికాను గట్టు, దాని మీద గాజులాంటి ఆక్సైడు పొర, ఆ పైన గేటు. గేటుకి ప్లస్ వోల్టేజి పెడితే పొర అవతల్నుంచే ఎలక్ట్రాన్లని పైకి గుంజుతుంది, ఒక హద్దు దాటాక గట్టు పైపొరే కాలవైపోతుంది, వోల్టేజి తీస్తే కాలవ మాయం. అంటే గేటు కాలవని తవ్వుద్ది, పూడుస్తుంది కూడా. ఇక ద్వారం అంటారా, ద్వారంలోంచి మనం వెళ్తాం, ఈ గేటులోంచి ఏదీ వెళ్ళదు, మారినప్పుడల్లా కాస్త ఛార్జి ఎక్కి దిగడం తప్ప. 1959-60ల్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో అటల్లా, కాంగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు చేసి చూపించింది ఇదే. మాస్‌ఫెట్‌లో ఫెట్ అంటే ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టరు, అందులో ఫీల్డ్‌ని క్షేత్రం అంటారు, క్షేత్రమంటే పొలవే కాబట్టి అక్కడ మాత్రం మీరు గెలిచినట్టే.

రాజోలు నుంచి: మరి లాజిక్ గేటు? అదీ గేటే ఇదీ గేటేనా?

భీమవరం: అక్కడే పిల్లలు తికమక పడేది. లాజిక్ గేటంటే 0, 1 ఇన్‌పుట్లు తీసుకుని 0 గానీ 1 గానీ జవాబిచ్చేది, కొన్ని మాస్‌ఫెట్‌లు కలిసి చేసే పని, మాస్‌ఫెట్ గేటు ఒక్కదాని కాలు. న్యాండ్ అనే లాజిక్ గేటు చూడండి. మధ్యలో తొట్టి, పైనుంచి నీళ్ళొచ్చే తూములు రెండు పక్కపక్కన, అవి పీమాస్‌లు, ఇన్‌పుట్ 0 అయితే తెరుచుకుంటాయి. కింద మురుక్కి పోయే దారిలో ఒకదాని తర్వాత ఒకటి రెండు, అవి ఎన్‌మాస్‌లు, ఇన్‌పుట్ 1 అయితే తెరుచుకుంటాయి. ఒక్కో ఇన్‌పుట్ పైన ఒకదానికీ కింద ఒకదానికీ వెళ్తుంది. రెండు ఇన్‌పుట్లూ 1 అయితే పైన రెండూ మూత, కింద రెండూ బార్లా, తొట్టి ఖాళీ, జవాబు 0. ఏ ఒక్కటి 0 అయినా కింది దారి తెగి పైనుంచి నిండిపోద్ది, జవాబు 1. మొత్తం నాలుగు మాస్‌ఫెట్‌లు. యాండ్ (రెండూ 1 అయితేనే 1 ఇచ్చేది) కావాలంటే 0ని 1గా, 1ని 0గా తిరగేసేది దీనికి తగిలించాలి, దానికి ఇంకో రెండు, మొత్తం ఆరు. పైదీ కిందదీ ఒకేసారి తెరిచి ఊరుకోవు కాబట్టి నీళ్ళు వృథా పోవు, 1963లో వాన్లస్ అనే ఇంజనీరు చెప్పిన సీమాస్ కిటుకు, అంటే పీమాస్‌నీ ఎన్‌మాస్‌నీ ఇలా జత చెయ్యడం, అంతా అదే, మన సెల్లు బ్యాటరీ సాయంత్రం దాకా ఆగడానికి అదొక కారణం.

ధవళేశ్వరం: ఇంత బాగా కాలవల్తో చెప్పి షట్టరు కుదరదంటారేంటండీ బాబూ 😀

పోస్టు పెట్టినోణ్ణి: ఆయ్, షట్టరు వెనక్కి తీసుకుంటున్నానండి, గేటు గేటుగానే ఉంచుదాం, లాజిక్ గేటుని తర్కద్వారం అనేస్తే రెండూ వేరుపడతాయి, అక్కడ ద్వారం మాట ఎవరికీ అడ్డం రాదు. మేనకోడలికి ఇదే చెప్పా. గేటుకి ఒప్పుకుంది, మురుగు కోడుకి మాత్రం ఛస్తే ఒప్పుకోట్లేదు, ఎలక్ట్రాన్లు మురుగేంటి మావయ్యా అని పోట్లాడుతోంది.