మధ్యలో వదిలేసిన డిజిటల్ బొమ్మని మళ్ళీ తెరిచినవాళ్ళు ఉన్నారా?

గంటస్తంభం_వీధి
మాది విజయనగరం. కోవిడ్‌కి ముందు క్రిటా అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం బొమ్మ మొదలుపెట్టి సగంలో ఆపేశాను. మొన్న హార్డ్‌డిస్క్‌లో చోటు కోసం వెతుకుతుంటే కనిపించింది. తెరిచి చూస్తే వెనక కోటగోడ రాయి రాయికీ పగుళ్లు, నాచు, మధ్యలో మొలిచిన రావి మొక్కతో సహా గీసి ఉంది, అంజలి రథానికి రంగులూ పూర్తయ్యాయి, సిరిమాను, అంటే చివర పూజారి గారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి చింతమాను, మాత్రం బూడిదరంగు గీత, దాని చివర కూర్చున్న పూజారి గారు ఒక చుక్క. జనం దండం పెట్టేది, అరటిపళ్లు విసిరేది ఆయనకే కదా, బొమ్మలో ఆయనే లేరు. పైగా కాన్వాస్ అడ్డంగా ఉంది. అంత పొడవు చింతమాను ఏటవాలుగా జనం నెత్తిమీదికి లేస్తుంది, ఆ లేవడమే అసలు బొమ్మ, దానికి నా కాన్వాస్‌లో చోటే లేదు. ఇప్పుడు అదే ఫైలు కొనసాగించాలా, కొత్తగా మొదలెట్టాలా? మీకిలా జరిగితే పని చేసే పద్ధతిలో ఏం మారిందో రాయండి.

వంశధార_ఇసుక
అక్కా, ముందు కాపీ తీసుకోండి. క్రిటాలో కంట్రోల్, ఆల్ట్, ఎస్ కలిపి నొక్కితే పేరు చివర నంబరు చేరి వేరే ఫైలుగా సేవ్ అవుతుంది, పాతది చెక్కుచెదరదు. తర్వాత అన్నిటికన్నా పైన ఒక లేయర్ (బొమ్మ మీద పరిచే పారదర్శక కాగితం లాంటి పొర) పెట్టి నలుపుతో నింపి, అది కింది బొమ్మతో కలిసే తీరుని, అంటే బ్లెండింగ్ మోడ్‌ని, 'కలర్' అని మార్చండి, బొమ్మంతా నలుపు తెలుపుల్లోకి వస్తుంది. నా కళింగపట్నం లైట్‌హౌస్ బొమ్మని అలా చూస్తే సముద్రం, ఆకాశం, ఇసుక మూడూ ఒకటే బూడిదరంగు. నీలం, ఊదా, పసుపు అని కంటికి వేరుగా కనిపించాయి కానీ వెలుగులో తేడా లేదు, అందుకే ఎన్ని రంగులు మార్చినా చప్పగా ఉండేది. అప్పట్నుంచి రంగు జోలికి వెళ్ళకముందే మూడు షేడ్లతో అగ్గిపెట్టెంత బొమ్మలు కొన్ని వేసుకుంటాను, దూరం నుంచి ఏది తెలిస్తే దాన్నే పెద్దది చేస్తాను. ఎమ్ నొక్కితే బొమ్మ కుడిఎడమలు తిరగబడి కనిపిస్తుంది, ఫైలు మారదు, అది కూడా ఒకసారి చూడండి.

తేలినీలాపురం_దారి
నేనైతే పాత ఫైలు కొనసాగించొద్దనే అంటాను. ప్రొక్రియేట్‌లో మనం గీసినదంతా వీడియోగా రికార్డవుతుంది, నా పెలికాన్ల బొమ్మ వీడియో వేసి చూశాను. మొదట్లో గబగబా వేసిన గీతల్లో పక్షి రెక్క విప్పుతున్నట్టే ఉంది. ఆ తర్వాత వీడియో అంతా ఈకలే, ఒక్కో ఈకా దిద్దుతూ పోయేసరికి పక్షి బిగుసుకుపోయింది. మళ్ళీ ఆ పక్షులు గూళ్లు కట్టే తేలినీలాపురం వెళ్ళి చెట్ల మీద గూళ్లలో అవి ఎలా వాలుతున్నాయో, వాలే ముందు కాళ్లు ఎలా ముందుకు చాపుతున్నాయో పెన్నుతో కాగితం మీద గీసుకొచ్చి, కొత్త కాన్వాస్ తెరిచాను. పాత ఫైలు చెరపలేదు. ఎక్కడ ప్రాణం పోయిందో అందులో ఉంది, నాకు అది కావాలి.

నాగావళి_గట్టు
అందరికీ అదే వర్తించదండీ. నా దశావతారాల బొమ్మ పాత ఫైల్లోనే పూర్తి చేశాను. శ్రీకూర్మం గుడి చుట్టు మండపం గోడల మీద పాత చిత్రాలున్నాయి, చాలాచోట్ల రంగు వెలిసిపోయింది, అయినా గీత ఉన్నంత మేరా బొమ్మ తెలుస్తూనే ఉంటుంది. ఒక మధ్యాహ్నం అక్కడే కూర్చుని కళ్లు, వేళ్లు, పంచె మడతలు ఎన్ని గీతల్లో తేల్చారో చూశాను. ఇంటికొచ్చి నా ఫైల్లో నీడల లేయర్లన్నీ ఆపేశాను. కింద గీత బలంగానే ఉంది. నెలల తరబడి ఎయిర్‌బ్రష్‌తో నేనే దాన్ని కప్పేశాను. అక్కడక్కడ గీత సరిచేసి చదునుగా రంగు నింపితే బొమ్మ నిలబడింది. కాబట్టి అక్కా, కొత్తది తెరిచే ముందు లేయర్లు ఒక్కొక్కటీ ఆపి చూడండి.

ఫ్లెక్స్_షాపు_శ్రీకాకుళం
సైజు గురించి ఎవరూ అనలేదు. మా షాపుకి రోజూ ఎవరో ఒకరు ఇన్‌స్టా కోసం 1080 పిక్సెళ్లలో వేసిన బొమ్మ తెచ్చి ఫ్రేము కట్టించాలంటారు. అంగుళానికి 300 చుక్కల (డీపీఐ) లెక్కన అది 3.6 అంగుళాలే వస్తుంది. ఏ3 కావాలంటే 3508, 4961 పిక్సెళ్లు ఉండాలి. ఫ్లెక్స్ దూరం నుంచి చూస్తారు కాబట్టి తక్కువతో నడిచిపోతుంది, చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకి నడవదు. చిన్న ఫైలుని సాగదీసి దాని మీదే దిద్దితే అంచులన్నీ అలుక్కుపోయి ఉంటాయి, టైం వృథా. పాతదాన్ని చూసి పెద్ద కాన్వాస్ మీద తిరిగి గీయడమే నయం.

ఇంటర్_సెకండియర్
నాకు ఫోనే ఉంది, ఐబిస్ పెయింట్‌లో వేస్తాను. పాత బొమ్మ తెరిస్తే ఏ లేయర్‌లో ఏముందో అర్థం కావట్లేదు. ఏం చెయ్యాలి?

వంశధార_ఇసుక
తమ్ముడూ, ఒక్కో లేయర్ కన్ను గుర్తు ఆపి, ఏది మాయమైతే ఆ పేరు పెట్టుకుంటూ పో: గీత, ఒంటి రంగు, నీడ, వెనక. కొత్త బొమ్మకైతే ఆ నాలుగే చాలు. ఐబిస్‌లో కూడా గీసిన వీడియో ఉంటుంది, ఒకసారి చూసుకో.

గంటస్తంభం_వీధి
అందరికీ థ్యాంక్స్. లేయర్లు ఆపి చూశాను, గోడ తీసేస్తే నా బొమ్మలో నిలబడేది ఏమీ లేదు. నిలువు ఏ3 తెరిచి ముందు మాను ఏటవాలు, ఆ చివర పూజారి గారు, కింద జనమంతా ఒకే ముదురు ముద్ద, అంతవరకే వేశాను. ఆయన చెయ్యి ఎత్తి ఉన్న తీరు నాలుగు గీతల్లోనే వచ్చింది. గోడని పైభాగంలో లేత రంగు పట్టీగా ఉంచాను, అంతే. ఒక్కటే తేలట్లేదు: ఊరేగింపులోని బెస్తవారి వల, తెల్ల ఏనుగు, పాలధార ఉంచాలా? పెడితే కన్ను మాను మీద ఆగట్లేదు.

బొబ్బిలి_రోడ్డు
తీసెయ్యకండి. అవి సిరిమాను ముందు నడుస్తాయి, ఏటేటా చూసే మాకు లోటు వెంటనే తెలుస్తుంది. అన్నీ పూర్తిగా చూపించక్కర్లేదు కదా. కింది అంచున ఏనుగు వీపు సగం, వల ఒక మూల కనిపిస్తే చాలు, మిగతాది మేం పూరించుకుంటాం.

ఫ్లెక్స్_షాపు_శ్రీకాకుళం
అవునండీ, అంచుకి కోసేస్తే సరిపోతుంది. ఇంకొకటి, స్క్రీన్ మీద మెరిసే కుంకుమ ఎరుపు ప్రింటు సిరా రంగుల్లో (సీఎంవైకే) మందగిస్తుంది. బొమ్మంతా అయ్యాక చూసుకునే బదులు ఇప్పుడే పూజారి గారున్న ముక్క ఒకటి ఏ4 మీద తీయించి, పగటి వెలుతురులో చూసి అప్పుడు రంగులు ఖాయం చేసుకోండి.