శ్రీలంక: సిగిరియా, క్యాండీ, ఎల్ల అమ్మతో కుదురుతాయా?

ఫిబ్రవరిలో వారం రోజులు వెళ్దామనుకుంటున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పి. ట్రింకోమలీలోని కోణేశ్వరం శివాలయం కూడా కలపొచ్చా?

కొండగాలి:
సిగిరియా రాతికోట పొద్దున్నే గేటు తెరవగానే ఎక్కండి. ఎండ ముదిరితే రాయి కాలుతుంది, ఇనుప మెట్ల మీద వరుస కదలదు. దాదాపు 1,200 మెట్లు. అమ్మగారికి కింది నీటి తోటలు చాలు, 5వ శతాబ్దపు కాశ్యప రాజు పనితనం అక్కడే బాగా తెలుస్తుంది. కుడ్యచిత్రాల దగ్గర ఫొటోలు నిషేధం. కందిరీగలు రేగుతాయి, పైన కేకలు వెయ్యొద్దు.

రైలుబండి:
క్యాండీ–ఎల్ల రైలు ప్రయాణం ఆరేడు గంటలు. రిజర్వేషన్ 30 రోజుల ముందు మొదలవుతుంది, చూస్తుండగానే అయిపోతుంది. ఏసీ బోగీ కిటికీలు తెరుచుకోవు, కాబట్టి సెకండ్ క్లాస్ రిజర్వుడే మేలు. కొండచరియలు పడితే లైను ఆగిపోతుంది. బండి ఎక్కడిదాకా నడుస్తోందో కనుక్కున్నాకే టికెట్ తీసుకోండి.

సాగరతీరం:
కోణేశ్వరం తప్పక కలపండి. సిగిరియా నుంచి కారులో సుమారు రెండు గంటలు. పోర్చుగీసులు కూల్చిన గుడి, మళ్లీ అదే కొండకొమ్మున నిలబడింది, కింద నేరుగా సముద్రమే. బుద్ధుడి దంతం ఉన్న క్యాండీ దంతాలయంలో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. బుద్ధుడికి వీపు చూపిస్తూ సెల్ఫీ దిగడం అక్కడ పెద్ద అపచారం, పిల్లలకు ముందే చెప్పండి.